ఫ్లోరిడా వెళ్తే ఫోర్ట్ మోసే చూసి రండి

మా కోనసీమ నుంచి పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లేవాళ్లలో ఎక్కువమంది డిస్నీ చూసి వచ్చేస్తారు. మా అమ్మాయి ఉండేది జాక్సన్‌విల్‌లో. అక్కడికి కారులో గంట దూరం సెయింట్ అగస్టీన్. ఆ ఊరి శివారులోనే ఉంది ఫోర్ట్ మోసే, బానిసత్వం నుంచి పారిపోయి వచ్చిన ఆఫ్రికన్ల పాత కోట ఉన్న చోటు. వెళ్లి వచ్చి నెల దాటినా నా మనసులోంచి పోవడం లేదు.

కారు దిగగానే కోరంగి గుర్తొచ్చింది. అదే ఉప్పు గాలి, అదే బురద, నడవడానికి అలాంటిదే చెక్క వంతెన. చివరికి వెళ్లి నిలబడితే నీళ్ల మధ్య గడ్డి మొలిచిన లంక కనిపిస్తుంది. అసలు కోట ఉండేది అటే. నడిచి వెళ్లే దారి లేదు.

ఉత్తరాన ఉన్న కరోలినా తోటల్లో ఇంగ్లిష్ వాళ్లకి బానిసలైన ఆఫ్రికన్లు నదులూ చిత్తడి నేలలూ దాటుకుంటూ ఇక్కడికి పారిపోయి వచ్చేవారు. అప్పట్లో ఫ్లోరిడా స్పెయిన్ చేతిలో ఉండేది. కాథలిక్ మతం తీసుకుంటే విడుదల చేస్తామని స్పెయిన్ రాజు 1693లో మాటిచ్చాడు. అయినా వాళ్లకంటూ ఫోర్ట్ మోసే అనే ఈ కోట ఊరు ఏర్పడింది 1738లో. అదీ ఊరికే కాదు, ఇంగ్లిష్ సైన్యం వస్తే ముందు ఎదురు నిలవాల్సింది వీళ్లే. వీళ్ల దళానికి నాయకుడు ఫ్రాన్సిస్కో మెనెండెజ్, ఆయనా కరోలినా నుంచి తప్పించుకొచ్చినవాడే. 1740లో చేజారిన కోటని ఇంగ్లిష్ వాళ్ల మీద పోరాడి మళ్లీ పట్టుకున్నారు. 1763లో స్పెయిన్ ఫ్లోరిడాని ఇంగ్లిష్ వాళ్లకి వదిలేస్తే ఊరు ఊరంతా క్యూబాకి పడవెక్కింది. ఫోర్ట్ మోసే మ్యూజియంలో ఇదంతా చదువుతుంటే నాకు గొంతు పట్టేసింది.

తర్వాత ఆ చోటు ఎక్కడుందో కూడా జనం మర్చిపోయారు. 1986లో మొదలైన తవ్వకాల్లో బయటపడ్డ వస్తువుల్లో చేత్తో చేసిన చిన్న లోహపు బిళ్ల ఒకటుంది. దాని మీద సెయింట్ క్రిస్టఫర్ పసివాణ్ణి భుజాన ఎత్తుకుని ఏరు దాటిస్తుంటాడు. 1986 అంటే మాకు పెద్ద వరద వచ్చిన ఏడు. ఆ ఆగస్టులో మా లంక మునిగితే నాన్న నన్ను భుజాలకెత్తుకుని, ఛాతీ లోతు నీళ్లలో పడవ దాకా నడిచారు.

నేను వెళ్లినప్పుడు మ్యూజియం టికెట్ 2 డాలర్లు. తెరిచి ఉండే రోజులు చూసుకుని, పొద్దున్నే వెళ్లండి. దోమలకి పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లండి.

ఇంటికొచ్చాక నాన్నకి ఫోన్‌లో ఆ లంక ఫొటో చూపించి కథంతా చెప్పాను. చాలాసేపు చూశారు.

"రాత్రిళ్లు దాటేవారామ్మా? పోటు మీదా, పాటు మీదా?" అని అడిగారు.