పిల్లి పాల శాంపిల్: సూది మేలా, కూనలు మేలా?

ఇంట్లో ఈనిన పిల్లి నుంచి రీసెర్చ్ కోసం పాలు ఎలా తియ్యాలి అని రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ వైపు నుంచి పీజీ పిల్లలు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. ఎథిక్స్ కమిటీ అనుమతి, పెంచుకునేవాళ్ల సంతకం మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

ఎక్కువమంది ఎంచుకునేది సూది. కూనల్ని కొన్ని గంటలు పక్కన పెట్టి, తల్లికి ఆక్సిటోసిన్ (పాలు చేపించే హార్మోన్) సూది వేసి, చేత్తో పిండుతారు. (గేదెల పుణ్యమా అని ఈ సూది పేరు తెలియనివాళ్లు లేరు.) దీని బలం ఒక్కటే అయినా గట్టిది: పాలు బాగా దిగుతాయి. కొవ్వు చివరి పాలల్లో ఎక్కువ ఉంటుంది కాబట్టి మొదటి నాలుగు చుక్కలతో సరిపెట్టుకుంటే మీ లెక్క తక్కువ చూపిస్తుంది. కొవ్వు శాతమే మీ ప్రశ్న అయితే సూదికి కాదనను.

రెండో దారిలో సూది లేదు. కూనలు తాగుతుండగానే తల్లి చేపుకొస్తుంది, అప్పుడు ఒక చన్ను నుంచి మనం కొద్దిగా పిండుకుంటాం. ఇక్కడే చాలామంది తప్పు చన్ను పట్టుకుంటారు. పిల్లికి సాధారణంగా ఎనిమిది చన్నులు. పుట్టిన కొద్దిరోజులకే ఒక్కో కూన తనకంటూ ఒకటి ఖాయం చేసుకుంటుంది. నాలుగు కూనలుంటే మిగతా చన్నులు ఖాళీ, అవి అందుబాటుగా కనిపిస్తాయి. కానీ ఎవరూ తాగని చన్ను కొద్దిరోజుల్లో వట్టిపోతుంది. అందులో వచ్చేది కూన తాగే పాలు కాదు. ఒక కూనను నిమిషం పక్కకు తీసి, అది తాగే చోటే పిండాలి. ఒకటి రెండు మిల్లీలీటర్లు వస్తే సంతోషించండి.

నా దృష్టిలో తేల్చేది తల్లి భయం. మెహిదీపట్నం ట్రాఫిక్‌లో బుట్టలో అరుస్తూ వచ్చిన పిల్లిని స్టీల్ బల్లమీద పెట్టి పాలు ఇమ్మంటే ఎక్కడిస్తుంది? బెదిరితే అడ్రినలిన్ పెరుగుతుంది, చేపు ఆగిపోతుంది. ఆ స్థితిలో సూది వేసినా పూర్తి ఫలితం రాదు. సొంత గదిలో, రోజూ అన్నం పెట్టే మనిషి ఒళ్లో ఉన్న పిల్లి దగ్గర ఈ టెన్షన్ ఉండదు. అందుకే నేను కూనల వైపే.

పాలల్లోని యాంటీబాడీల (రోగాల్ని అడ్డుకునే ప్రొటీన్ల) మీద పని అయితే ఇంకా జాగ్రత్త. కూన పేగులు వాటిని లోపలికి తీసుకునేది పుట్టిన మొదటి 16 గంటల వరకే. సూది కోసం అప్పుడు కూనల్ని గంటల తరబడి విడదీయడం నాకు అసలు ఒప్పుదల కాదు.

మనుషుల బ్రెస్ట్ పంప్ సైజు ఈ చన్నులకు కుదరదు. కూన కడుపులోంచి తీద్దామంటే అక్కడున్నవి అప్పటికే విరిగిన పాలు.

ఏ దారైనా చన్ను తుడిచి, మొదటి చుక్కలు పారబోసి, పాలు పట్టిన గొట్టాన్ని వెంటనే ఐస్‌లో పెట్టండి, ముఖ్యంగా మన ఏప్రిల్, మే ఎండల్లో. కూనల్ని రోజూ వంటింటి కాటా మీద తూచండి. రోజుకు 10 నుంచి 15 గ్రాములు పెరగాలి. పెరగకపోతే ఆ తల్లి దగ్గర పాలు తియ్యడం ఆపెయ్యండి.