పెరట్లోంచి పిల్లలకోడి: స్టార్ ట్రాకర్‌తో మూడు చలికాలాలు

రాజమండ్రిలో మా ఇంటి పెరట్లో చుక్కల గుంపులని ఫొటో తీయడానికి మూడు చలికాలాలుగా వాడుతున్న చిన్న స్టార్ ట్రాకర్ ఇది. సెకండ్ హ్యాండ్‌లో 24,000కి కొన్నాను. దాని మీద పాత డీఎస్ఎల్ఆర్, 200 ఎంఎం దాటి వాడని మామూలు జూమ్ లెన్సు. టెలిస్కోపు లేదు.

ట్రాకర్ లేకుండా 200 ఎంఎంలో ఒకటిన్నర సెకను దాటితే చుక్క కాస్తా గీత అయిపోతుంది. భూమి తిరిగే వేగానికి సరిపడా ఇది కెమెరాను ఎదురు తిప్పుతుంది కాబట్టి 60 సెకన్ల ఫొటో హాయిగా వస్తుంది. 90కి వెళ్తే మాత్రం మూడింట ఒకటి చెత్తబుట్టలోకే.

అసలు తలనొప్పి ధ్రువ నక్షత్రం. ట్రాకర్‌ని దానివైపు గురిపెట్టాలి. మనం ఎన్ని డిగ్రీల అక్షాంశంలో ఉంటే అదీ అంత ఎత్తులోనే కనిపిస్తుంది, అంటే మాకు 17. సరిగ్గా ఆ ఎత్తులో పక్కింటి కొబ్బరిచెట్టు! గాలికి మట్ట పక్కకి జరిగినప్పుడు చుక్కని పట్టుకుని మర తిప్పేలోపు మళ్లీ మట్ట అడ్డం. పైగా ట్రాకర్‌లో గురి చూసే చిన్న స్కోపు అంత కిందకి వాలి ఉంటుంది కాబట్టి మోకాళ్ల మీద కూర్చుని మెడ విరుచుకోవాలి. ఉత్తర యూరప్ వాళ్ల వీడియోల్లో ఈ గొడవ ఉండదు, వాళ్లకది 50 డిగ్రీల పైన ఉంటుంది మరి. ఇంకో సంగతి: ట్రాకర్ ఇంత వాలుగా ఉంటే, కెమెరాకి సరితూగేలా అవతలి వైపు పెట్టే కౌంటర్ వెయిట్ వెళ్లి ట్రైపాడ్ కాలికి కొట్టుకుంటుంది. మొదటి ఏడాది అలాగే తగిలి ఆగిపోయింది. నేను లోపల కునుకు తీస్తున్నాను. 40 ఫొటోలు పోయాయి. ఇప్పుడు బరువు రెండు కాళ్ల మధ్య సందులోకి వచ్చేలా ముందే తిప్పి చూసుకుంటున్నా.

ఊళ్లో ఉంటూ నెబ్యులాల (చుక్కల మధ్య ఉండే వాయు, ధూళి మేఘాల) జోలికి పోకండి. మసక వెలుగుని వీధి దీపాలు మింగేస్తాయి. చుక్కల గుంపుల వెలుగు సూదిమొనల్లా ఒకచోట ఉంటుంది కాబట్టి తట్టుకుంటాయి. లైట్ పొల్యూషన్ ఫిల్టరుకి పెట్టిన 6,000 మాత్రం దండగ. అది పాత సోడియం దీపాల పసుపుని ఆపుతుంది, మా వీధిలో ఉన్నవి తెల్ల ఎల్ఈడీలు.

"పిల్లలకోడిని ఫొటో తీయడానికి ఇంత రాద్ధాంతమా" అంటుంది అమ్మ. కృత్తికలని ఆవిడ పిలిచే పేరదే. నేను మొదటిసారి తీసింది కార్తీక పౌర్ణమి రాత్రి, తెలివితక్కువతనం కాకపోతే! చంద్రుడు కృత్తికల దగ్గరుంటాడనే కదా ఆ నెలకి ఆ పేరు. ఫ్రేమంతా పాలు ఒలికినట్టు వచ్చింది. ఇప్పుడు ఆ నెల అమావాస్య దాకా ఆగుతాను, పోలి పాడ్యమి ముందు రాత్రి. అప్పటికి పదకొండింటికల్లా దాదాపు నడినెత్తికి వస్తాయి. ఐఎస్ఓ 800, 60 సెకన్లు, 60 ఫొటోలు. వాటిని ఉచితంగా దొరికే సిరిల్ అనే సాఫ్ట్‌వేర్‌లో కలిపితే ఆ గుంపులోని మెరోపీ అనే చుక్క చుట్టూ కాస్త నీలి పొగ తేలుతుంది. అది ఆ గుంపు పుట్టగా మిగిలింది కాదు, దారిలో తగిలిన ధూళి మేఘం.

ఫ్లాట్ ఫ్రేములకి (లెన్సు అంచుల చీకటిని, దుమ్ము మచ్చలని తర్వాత సరిచేయడానికి తీసే ఖాళీ ఫొటోలకి) నాన్న తెల్ల పంచె రెండు మడతలు వేసి లెన్సు మీద కప్పి, తెల్లవారే ఆకాశం వైపు తిప్పి తీస్తాను. ఇక మంచు. గోదావరి పక్క కదా, డిసెంబరులో గంటకే లెన్సు మసకబారుతుంది. గుడ్డతో తుడిస్తే మళ్లీ పట్టేస్తుంది. పవర్ బ్యాంకుతో నడిచే హీటర్ పట్టీ చుట్టాక ఆ బాధ పోయింది. ట్రాకర్‌తో పాటే కొనేయండి.

పుష్యమి దగ్గరి ఎం44 అనే చుక్కల గుంపు ఫిబ్రవరిలో తేలిగ్గా వస్తుంది, మధ్యలో నాలుగైదు నారింజ చుక్కలు అందంగా ఉంటాయి.

ఉత్తరం వైపు ఖాళీ లేని ఇల్లయితే ఈ ట్రాకర్ కొనొద్దు. ఉంటే, ఏప్రిల్‌లో దక్షిణం కూడా చూడండి. అక్కడ ఒమేగా సెంటారీ అనే పెద్ద చుక్కల గుంపు మాకు 25 డిగ్రీల దాకా లేస్తుంది. ధ్రువ నక్షత్రం నెత్తిన పెట్టుకున్న ఆ వీడియోల వాళ్లకి అసలు ఉదయించదు. పోయిన వేసవిలో తీసినదాంట్లో మధ్య భాగం ఇంకా ఉప్పు ముద్దలాగే ఉంది. ఈసారి 30 సెకన్లకి తగ్గించి చూస్తాను.