జాగ్రత్త: "గోదారి ఆత్మలు కుదిర్చిన పెళ్లిళ్లు" అని యాడ్ వేసి అమ్ముతున్న కథల పుస్తకం కొనేముందు ఇది చదవండి

అందరికీ నమస్కారం అండి. దెయ్యాలు, యక్షిణులు, గంధర్వులు పెద్దమనుషులై సంబంధాలు కుదిర్చే ప్రేమకథలంటే చెవి కోసుకునే బ్యాచ్ మనలో చాలామందే ఉన్నారు, మీకోసమే ఈ పోస్ట్. రీల్స్ మధ్యలో ఒక యాడ్ తెగ తిరుగుతోంది కదా, కొబ్బరిచెట్లు, పైన చందమామ, కాలవగట్టు మీద తెల్లచీర కట్టుకున్న అమ్మాయి, "కోనసీమలో ఆత్మలు కుదిర్చిన పన్నెండు పెళ్లిళ్లు, అచ్చమైన మన యాసలో" అని. 499 రూపాయలు, క్యాష్ ఆన్ డెలివరీ. దాని జోలికి పోకండి. పుస్తకం పేరు రాయట్లేదు, ఎందుకంటే రాసి లాభం లేదు, వారం తిరిగేసరికి అట్టా పేరూ మార్చి మళ్లీ దించుతున్నారు, సరుకు మాత్రం అదే.

అట్ట బ్రహ్మాండంగా ఉంటుంది, ఒప్పుకోవాలి. తెరిస్తే జెరాక్స్ కాగితం, అక్షరాలు ఒక పేజీలో పెద్దవి ఒక పేజీలో చిన్నవి, రచయిత పేరు లేదు, వేసినవాళ్ల అడ్రస్ లేదు, ఏ సంవత్సరం అచ్చయిందో లేదు. వెనక బార్‌కోడ్ ఉంది కదా అని ఫోన్‌తో స్కాన్ చేస్తే షాంపూ సీసా వచ్చిందండి బాబూ. నిజంగా షాంపూ సీసా.

ఇక లోపల. ఇవి మనవాళ్లు రాసిన కథలు కానే కాదు. ఎక్కడో ఇంగ్లీషులో ఉన్న వాంపైర్ ప్రేమకథల్ని మెషీన్‌లో వేసి తిప్పి, ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు మార్చి దింపేశారు. మొదటి కథలో పెళ్లికొడుకు రక్తపిశాచి, సఖినేటిపల్లి నుంచి నరసాపురం గుర్రబ్బండి మీద గంటలో పెళ్లిచూపులకి వచ్చేశాడట. మధ్యలో వశిష్ఠ గోదారి పాయ ఏమైపోయిందండీ? గుర్రంతో సహా పంటు, అదే రేవు దాటించే పెద్ద పడవ, ఎక్కాడా? ఎక్కినట్టు ఎక్కడా లేదు. ఇంకో కథలో సంక్రాంతికి అల్లుడికి పులస పులుసు వడ్డించారు. గోదారికి వరదొచ్చి ఎర్రనీళ్లు దిగినప్పుడు దొరికే చేప పండక్కి ఎలా వచ్చిందో ఆ ఆత్మలకే తెలియాలి.

నాకు అసలు కడుపు మండింది ఎక్కడంటే, మంచి కథకి కావాల్సిన సరుకంతా వాళ్ల చేతిలోనే ఉంది. తెల్లోళ్ల పాత నమ్మకాల్లో, నవలల్లో రక్తపిశాచికి కొన్ని రూల్స్ ఉంటాయి. పారే నీళ్లు దాటలేడు, ఇంట్లోవాళ్లు రమ్మని పిలవందే గడప దాటలేడు, అద్దంలో కనపడడు, వెల్లుల్లి పడదు. ఇప్పుడు అలాంటివాడికి కోనసీమలో సంబంధం చూడాలనుకోండి, 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి ఇక్కడ కాలవ దాటకుండా పొరుగూరు పోయిన మనిషే లేడు, ఇక పిశాచి ఎలా పోతాడు? పాపం ఆ పెళ్లిళ్ల పేరయ్య ఏప్రిల్లోనో మే లోనో కాలవలకి నీళ్లు కట్టేసేదాకా ఆగి పెళ్లిచూపులు పెట్టుకోవాలి, అప్పటికీ గోదారి పాయ ఆగదు కాబట్టి ఈ లంకలోనే పిల్లని వెతకాలి. ఫోటో అడిగితే ఏం చూపిస్తాడు? గడప సంగతంటారా, మన ఊళ్లలో దారినపోయేవాణ్ని కూడా "రండి రండి, కాఫీ తాగి వెళ్దురుగాని" అని చెయ్యిపట్టుకుని లోపలికి లాగుతారు, ఆ ఒక్క రూలూ ఇక్కడ పనిచెయ్యదు, మన మర్యాదే మన కొంప ముంచుతుంది ఆయ్. ఇంత మసాలా ఉంటే ఆ పుస్తకంలో పన్నెండో పేజీలో వెల్లుల్లి వాసనకి పారిపోయినవాడు ముప్ఫయ్యో పేజీలో ఆవకాయలో వెల్లుల్లి రెబ్బ ఏరుకుని తింటున్నాడు.

ఆషాఢంలో ముహూర్తం పెట్టిన కథ కూడా ఉంది. అది చూసి ఒక్క క్షణం ముచ్చటేసింది, ఎందుకంటే కర్ణాటకలో మంగళూరు వైపు, తుళునాడులో, పెళ్లికాకుండా చిన్నప్పుడే పోయిన పిల్లలకి వయసొచ్చే టైముకి రెండు కుటుంబాలవాళ్లూ సంబంధం మాట్లాడుకుని ప్రేతవివాహం చేస్తారు, మామూలు పెళ్లిళ్లు పెట్టుకోని ఆటి నెలలోనే చేస్తారు, అది మన ఆషాఢంలోనే మొదలవుతుంది. అది తెలిసి రాశారేమో అనుకున్నా. కాదండి, పక్క పేజీలో "జూన్ పెళ్లికూతురు" అని ఉంది, అంటే ఇంగ్లీషు కథలో జూన్ పెళ్లి ఉంటే అదలాగే ఆషాఢంలోకి జారిపడిందన్నమాట. ఇంకో కథలో ముసలాయన చందమామ వెలుగులో కూర్చుని అబ్బాయి కాలికీ అమ్మాయి కాలికీ ఎర్రదారం కడతాడు. అది చైనావాళ్ల యుయె లావ్ కథ, చాలా పాతది, చాలా అందమైనది, ఆయన్ని ఆయన పేరుతోనే చైనాలోనే ఉంచి చెబితే ఎవరు కాదన్నారు? ఇక్కడ మాత్రం ఆయన పేరు సుబ్బారావు, ఊరు రాజోలు.

ఇంతవరకూ అయితే డబ్బులు పోయాయి అని ఊరుకుందుము. అసలు డేంజర్ ఇప్పుడు చెప్తున్నా, ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి. పన్నెండు కథల్లో ఐదు సగంలో ఆగిపోతాయి. తాళి కట్టే ముందో, ఆత్మ నిజం చెప్పే ముందో ఆపేసి కింద క్యూఆర్ కోడ్ వేసి "ముహూర్తం ఏమైందో తెలుసుకోండి, ఒక్క రూపాయే" అని రాశారు. స్కాన్ చేస్తే ఏదో యాప్, రూపాయి కట్టమని యూపీఐ పిన్ అడుగుతుంది. అది రూపాయి పేమెంట్ కాదు, ఆటోపే పర్మిషన్, అంటే మన ఖాతాలోంచి వాళ్లే డబ్బులు లాక్కునే అనుమతి. మా తోటికోడలు కథ ముగింపు కోసం కొట్టింది, తర్వాత నెల 299 కట్ అయింది, పిన్ కూడా అడగలేదు, ఎందుకంటే ఆటోపే ఒకసారి ఓకే అయ్యాక 15,000 లోపు అయితే ప్రతిసారీ పిన్ అక్కర్లేదు. ఆ పేజీ స్కాన్ చేసినవాళ్లు ఎవరైనా ఉంటే మీ యూపీఐ యాప్‌లో ఆటోపే లేదా మ్యాండేట్స్ అని ఉంటుంది, అందులోకి వెళ్లి క్యాన్సిల్ చేయండి, యాప్ డిలీట్ చేసినంత మాత్రాన అది ఆగదు. డబ్బులు పోయుంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అమ్మినవాడికి వాట్సాప్‌లో పెడితే "మేడం ఇది ఫాంటసీ కథ, లాజిక్ వెతకకూడదు" అన్నాడు. సగం కథలకి లాజిక్ ఏంటయ్యా అంటే "బుక్స్‌కి రిటర్న్ లేదు" అని బ్లాక్ కొట్టాడు. ఆ మాట నమ్మకండి. 2020 ఈకామర్స్ రూల్స్ ప్రకారం యాడ్‌లో చెప్పిన లక్షణాలు వస్తువులో లేకపోతే అమ్మినవాడు వెనక్కి తీసుకోనని అనకూడదు. ఇంకో తమాషా, పార్శిల్‌లో బిల్లు పెట్టాడు, అందులో 18 శాతం జీఎస్టీ కింద 76 రూపాయల 12 పైసలు వేశాడు. అచ్చు పుస్తకాలకి జీఎస్టీయే లేదండి! పైగా బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉండాల్సిన చోట ఖాళీ.

ఇలాంటివి కొనేటప్పుడు అట్ట ఫోటో చూసి మురిసిపోకండి, లోపలి పేజీ ఫోటో అడగండి, అదీ మొదటి పేజీ కాదు, మధ్యలో ఏదో ఒక కథ ముగిసే పేజీ. మన దేశంలో వేసిన పుస్తకానికి ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకాల గుర్తింపు నంబరు, ఉంటే అది 978-81 అనో 978-93 అనో మొదలవుతుంది. సొంతంగా వేసుకునే చిన్న రచయితలు కొందరు నంబరు తీసుకోరు, అదేం నేరం కాదు, కానీ కనీసం పేరూ ఊరూ వేసుకుంటారు. ఏ పేరూ లేకుండా షాంపూ బార్‌కోడ్ వేశారంటే ఇక అర్థం చేసుకోండి. ఇప్పుడు ఇదే తెల్లచీర అమ్మాయిని తాటిచెట్ల కింద నిలబెట్టి "తెలంగాణ యాసలో" అని కొత్త యాడ్ కూడా వదిలారు, ఆ వైపు చుట్టాలుంటే వాళ్లకీ చెప్పండి.

నేను 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేశా, నంబర్ ఇచ్చారు, డబ్బులు ఇంకా రాలేదు. చేసేవాళ్లు బిల్లు, యాడ్ స్క్రీన్‌షాటు, పార్శిల్ మీద పంపినవాడి అడ్రస్ ఉన్న లేబుల్ దాచుకోండి. ఆ లేబుల్‌ని చింపి చెత్తలో పారేస్తాం కదా, అది పారేయకండి.