గోకర్ణ బీచ్ ట్రెక్ ప్యాకేజీ బుక్ చేసేవాళ్ళు ముందు ఇది చదవండి

నిన్న పొద్దున మియాపూర్‌లో బస్సు దిగాం. అమ్మ చీలమండ దగ్గర వాపు ఇంకా తగ్గలేదు, ఐస్ పెట్టి పడుకోబెట్టి వచ్చి ఇది రాస్తున్నాను. కోపం తగ్గాక రాద్దామంటే ఈలోపు ఇంకో బ్యాచ్ వెళ్ళిపోతుంది, అందుకే ఇప్పుడే. మమ్మల్ని ఈ ట్రిప్‌కి తీసుకెళ్ళిన పేజీ పేరు ఇక్కడ రాయను. డ్రోన్ షాట్లతో, పాటలతో వీకెండ్ బీచ్ ట్రెక్ రీల్స్ పెడుతుంటారు కదా, మీలో చాలామంది ఫాలో అవుతూనే ఉంటారు.

తలకి 5,800. శుక్రవారం రాత్రి బస్సు, శనివారం కర్ణాటకలోని గోకర్ణలో గుడి, ఆదివారం ట్రెక్, మళ్ళీ రాత్రికి బస్సు. ట్రెక్ నా కోసం, గుడి అమ్మ కోసం. రావణుడి ఆత్మలింగాన్ని వినాయకుడు కింద పెట్టేసిన కథ చిన్నప్పుడు మాకు అమ్మే చెప్పేది, ఆ మహాబలేశ్వరుణ్ణి ఒక్కసారి చూడాలని ఎన్నేళ్ళ నుంచో అంటోంది. దర్శనం బాగా జరిగింది, అందులో వాళ్ళ గొప్పేం లేదు.

అమ్మకి 57. డబ్బు కట్టకముందే ఆ పేజీవాళ్ళకి ఫోన్ చేసి మరీ అడిగాను, ఈ వయసులో నడవగలదా, దారి ఎలా ఉంటుంది అని. "ఆంటీ హాయిగా నడిచేస్తారు మేడం, చిన్నపిల్లలు కూడా చేస్తారు, ముందు ఒక గైడ్, వెనక ఒక గైడ్ ఉంటారు, పారడైజ్ బీచ్ నుంచి రిటర్న్ బోటులోనే" అన్నాడు. ఆ మాట నమ్మాను. అంత ఆశగా వింటున్నప్పుడు ఇంకో ప్రశ్న అడగాలని తోచలేదు, ఆ తప్పు నాదే, మూడు రోజుల నుంచీ అదే తిట్టుకుంటున్నాను.

పొద్దున 8కి మొదలుపెట్టాల్సిన నడక, ఇంకో ఊరి బ్యాచ్ రావాలని ఆపి ఆపి మధ్యాహ్నం రెండున్నరకి కుడ్లే బీచ్ నుంచి బయల్దేరదీశారు. మొత్తం 31 మంది. గైడ్ ఒక్కడే. వెనక ఉండాల్సినవాడు ఏడని అడిగితే బోటు సంగతి చూడ్డానికి వెళ్ళాడన్నాడు.

కుడ్లే నుంచి ఓం బీచ్ దాకా ఇబ్బంది లేదు, కొండెక్కి దిగడమే. పైనుంచి చూస్తే రెండు వంపుల ఇసుక, మధ్యలో సముద్రంలోకి చొచ్చుకెళ్ళిన రాళ్ళు, నిజంగానే ఓంకారంలా ఉంది, అమ్మ నిలబడి దణ్ణం పెట్టుకుంది. అక్కడ అరగంట ఫొటోలకే పోయింది. అక్కడి నుంచి హాఫ్ మూన్ బీచ్ చేరేసరికి ఐదు కావొస్తోంది. చుట్టూ కొండ, రోడ్డు లేదు, చిన్న బీచ్, చాలా అందంగా ఉంది, కాదనను.

హాఫ్ మూన్ దాటాకే అసలు దారి. ఎడమ పక్క కొండ, కుడి పక్క కిందికి సముద్రం. తేనెపట్టులా చిల్లులు పడ్డ ఎర్రరాయి, లాటరైట్ అంటారు కదా, దాని మీద సన్న కంకర. అడుగేస్తే కంకర కదులుతుంది, చెయ్యి ఆనిస్తే రాయి గీసుకుపోతుంది. ఒక దిగుడు దగ్గర అమ్మ కాలు మడతపడి కూర్చుండిపోయింది. నేను అరిస్తే గైడ్ వెనక్కి వచ్చాడు. అమ్మ కాలు చూడలేదు, వాచీ చూసుకున్నాడు.

"బోటు ఐదుంముప్పావుకి మేడం. మీ ఇద్దరి కోసం అందర్నీ ఆపలేను. ఇక్కణ్ణుంచి దారి ఒకటే, తప్పిపోయే ఛాన్సే లేదు, ఆంటీని మెల్లగా తీసుకొచ్చేయండి."

అంతే, వెళ్ళిపోయాడు. కనీసం తన దగ్గరున్న టార్చి ఇచ్చి వెళ్ళలేదు, వీపు మీది బ్యాగుకి వేలాడుతూ నా కళ్ళెదురుగానే ఉంది. అమ్మ నా చెయ్యి వదిలించుకుని "నువ్వెళ్ళవే, వాళ్ళని పట్టుకో, నేనిక్కడే కూర్చుంటా" అంది. ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తోంది. నా తల్లి చేత ఆ మాట అనిపించినవాణ్ణి నేను క్షమించను.

పది నిమిషాలకే దారి మూడుగా చీలింది. ఒకటి పైకి పొదల్లోకి, ఒకటి తిన్నగా, ఒకటి కిందికి. దారి ఒకటే అన్నాడు! సముద్రం పక్కనే పోతే బీచ్ వస్తుందనుకుని కిందిది పట్టాను. అది నేరుగా అలలు కొట్టే బండల్లోకి తీసుకెళ్ళింది. అమ్మ చెప్పులు విప్పి ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో రాయి పట్టుకుని, కూర్చుని కూర్చుని జరుగుతూ దిగింది, మళ్ళీ అలాగే ఎక్కింది. ఫోన్‌లో సిగ్నల్ లేదు. పైకొచ్చాక ఒక్క గీత కనిపిస్తే గైడ్‌కి ఫోన్ చేశాను, కట్ చేసి మెసేజ్ పెట్టాడు: "బోటు ఎక్కేశాం మేడం, మీరు నిదానంగా రండి."

మాది భీమిలి. మాకు సూర్యుడు సముద్రంలోంచి పైకొస్తాడు. అక్కడ సముద్రంలోకి దిగుతాడు, నీళ్ళ మీద ఎర్రగా మెరుస్తుంటే ఇంకా వెలుతురుందనే అనిపిస్తుంది, ఇటు తిరిగి చూస్తే చెట్ల కింద అప్పటికే చీకటి. ఆ సంగతి నాకు ఆ రోజే తెలిసింది.

పారడైజ్ బీచ్ చేరేసరికి ఆరు దాటింది. బోటూ లేదు, మనిషీ లేడు. నిమ్మకాయ సోడా అమ్మే ఒకావిడ గ్లాసులు మూట కట్టుకుంటోంది. మాకు కన్నడ రాదు, ఆవిడకి తెలుగు రాదు. అమ్మ నడక చూసి మూట కింద పెట్టేసింది, బాటిల్లో నీళ్ళిచ్చి "కత్తలాగుత్తె, బేగ బన్నీ అమ్మా" (చీకటి పడుతుంది, త్వరగా రండమ్మా అని) అంటూ తన ఫోన్ లైటు వేసి, అమ్మ చెయ్యి తన భుజం మీద వేసుకుని బేలెకాన్ దాకా నడిపించింది. అక్కడికి ఆటో వస్తుంది. ఎంత బతిమాలినా డబ్బు తీసుకోలేదు. డబ్బు తీసుకున్నవాడేమో వదిలేసి పోయాడు.

గోకర్ణలో బస్సు దగ్గరికి వెళ్తే 29 మంది ముందు "మీ వల్ల అందరికీ లేటైంది మేడం, ముందే ఫిట్‌నెస్ చూసుకోవాలి కదా" అన్నాడు. నాకు చేతులు వణికాయి. ఏదేదో అడగాలనుకుని ఏమీ అడగలేకపోయాను. అమ్మ మాత్రం "బాబూ, నీకూ అమ్మ ఉందిగా" అని ఒక్కమాట అని వెళ్ళి సీట్లో కూర్చుంది. దారంతా కిటికీ వైపే తిరిగి ఉంది.

నిన్న మధ్యాహ్నం వాట్సాప్ గ్రూపులో ఇదే రాస్తే నన్ను తీసేశారు. పేజీ కింద కామెంట్ పెడితే తీసేసి బ్లాక్ చేశారు. బోటు డబ్బయినా వెనక్కి ఇవ్వమంటే, గ్రూపుని మీరే వదిలేశారు కాబట్టి రిఫండ్ రాదన్నారు. గ్రూపుని మేం వదిలేశామట. నేను అడిగేది ఆ కొద్దిపాటి డబ్బు కాదు, తప్పయిందని అమ్మకి ఒక్క ఫోన్. అదీ లేదు.

వెళ్ళేవాళ్ళకి నాకు తెలిసినంతవరకు చెప్తాను. కుడ్లే, ఓం చూడ్డానికి ఏ ప్యాకేజీ అక్కర్లేదు, పొద్దున్నే మీరే నడిచి వెళ్ళిరావచ్చు. హాఫ్ మూన్ అవతలికైతే మధ్యాహ్నం తర్వాత బయల్దేరొద్దు. పెద్దవాళ్ళుంటే పారడైజ్‌కి బేలెకాన్ వైపు నుంచి రండి, ఆ దారి మేలు. వర్షాకాలంలో అసలొద్దు, సముద్రం ఉధృతంగా ఉంటుంది, బోట్లు నడవవు. వెనక నడిచే గైడ్‌ని బస్సు ఎక్కేముందే చూపించమనండి. టార్చి, చీలమండకి చుట్టే క్రేప్ బ్యాండేజ్ మీ బ్యాగులోనే పెట్టుకోండి.

ఎవరైనా ఇప్పటికే డబ్బు కట్టి ఉంటే ఇన్‌బాక్స్‌లో అడగండి, ఆ పేజీయేనా కాదా చెప్తాను, స్క్రీన్‌షాట్లు అన్నీ ఉన్నాయి. ఈ శుక్రవారం వాళ్ళ బస్సు మళ్ళీ బయల్దేరుతోంది. చెల్లి ఫోన్‌లో పోస్టర్ ఇప్పుడే చూశాను, "అన్ని వయసుల వారికీ" అని పైనే పెద్ద అక్షరాల్లో రాసి ఉంది.