గాలిమరలున్న పాత టోపో షీట్లు: ఆరేళ్ల తర్వాత

అమెరికా జియలాజికల్ సర్వే పాత టోపో షీట్లు, అంటే నేల ఎత్తుపల్లాలు చూపే మ్యాపులు, టోపోవ్యూ అనే వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయని చాలామందికి తెలిసిందే. నేను ఆరేళ్లుగా వాటిని పట్టుకుని ఆగ్నేయ ఒరెగాన్‌లో, స్టీన్స్ పర్వతం చుట్టూ ఉన్న పశువుల మేత భూముల్లో తిరుగుతున్నాను. ఉండేది బోయిసీలో. పుట్టింది అనంతపురం కాబట్టి ఎండిన నేల కనబడితే చాలు, బండి ఆపేస్తాను.

నన్ను పట్టేసింది వాటిలోని నీళ్ల జాడ. 2009 నుంచి కంప్యూటర్ డేటాతో తయారవుతున్న కొత్త షీట్లలో గాలిమరలు, దొడ్లు కనిపించవు. పాతవి విమానం ఫొటోల మీద గీసినా మనిషి వెళ్లి సరిచూసేవాడు. ఏ బావికి గాలిమర ఉందో, ఏ వంక మొదట్లో ఊట ఉందో అన్నీ ఉంటాయి. కొన్నాళ్లే నిండే చెరువుకైతే నీలి గీత తెంపుతెంపులుగా ఉంటుంది.

రెండో ఏడు ఆల్వర్డ్ ఎడారి దగ్గర ఒక ఊట కోసం వెళ్లాం. షీట్ అంచున ఉన్న అక్షాంశ రేఖాంశాలను స్కేలుతో కొలిచి జీపీఎస్‌లో కొట్టాను. తీరా అక్కడికి వెళ్తే సేజ్‌బ్రష్ పొదలు తప్ప ఏమీ లేదు. నలభై నిమిషాలు వెతికాను. "నీళ్లు మనమే తెచ్చుకున్నాం కదండీ" అంది మా ఆవిడ కారులోంచి. అప్పుడు చూశాను షీట్ కింది మూల: 1927 డేటం, అంటే అక్షాంశ రేఖాంశాలను లెక్కగట్టే పాత ఆధారం. నా జీపీఎస్‌ది డబ్ల్యూజీఎస్ 84 అనే కొత్త డేటం. ఆ ప్రాంతంలో ఈ రెంటికీ తేడా తూర్పు పడమరలుగా తొంభై మీటర్ల దాకా వస్తుంది. పడమరకు నడిస్తే వంక మలుపులో తుప్పు పట్టిన తొట్టి, గిట్టల గుర్తులు, కాస్త బురద. అసలు ఎత్తులు చూపే కాంటూరు గీతలు చూసినా తెలిసేది: ఊట ఉన్నది వంకలో, నేను నిలబడింది వాలు మీద.

పైన సరిచూసేవాడు అన్నాను గానీ, షీట్లలో ఊదా రంగులో ఉన్నవి తర్వాత ఫొటోలు చూసి కలిపినవి. వాటిని నేల మీద సరిచూడలేదని చాలా షీట్ల మీద వాళ్లే రాశారు. ఊట గుర్తుంటే నీళ్లున్నట్టూ కాదు. జీపు దారుల్లో కొన్ని 2000లో వన్యప్రాంతంలో కలిసిపోయాయి, బండి వెళ్లకూడదు.

రోడ్డు దిగని వాళ్లకు ఫోన్‌లో మ్యాప్ చాలు. నాకు ఆ చోటు దగ్గర, ఎత్తైన బండి ఉంది, పైగా పిచ్చి ఉంది కాబట్టి వదల్లేను. మా ఆవిడ మాత్రం డిక్కీలో నీళ్ల డబ్బాలు లెక్కపెట్టాకే బండెక్కుతుంది.