పద్నాలుగు నెలలుగా ఒక చిన్న ఎఫ్‌పీజీఏ బోర్డుతో

ఎఫ్‌పీజీఏ అంటే లోపలి సర్క్యూట్‌ను మనమే కోడ్ రాసి మార్చుకోగల చిప్. ఈ బోర్డులో నాకు అన్నిటికంటే నచ్చింది బిల్డ్ వేగం. సర్క్యూట్‌ను వర్ణించే వెరిలాగ్ భాషలో రాసిన కోడ్ ఉచితంగా దొరికే టూల్స్‌తో పది సెకన్లలోపే చిప్‌లోకి ఎక్కుతుంది. పెద్ద చిప్‌లతో అరగంట కాచుకు కూర్చునే మిత్రులను ఈ మాట చెప్పి మొదటి నెలంతా ఊరించాను.

ఇరవై ఏళ్లుగా మైక్రోకంట్రోలర్లకు సీ భాషలో ప్రోగ్రాములు రాస్తున్నాను కాబట్టి, హనుమకొండలో మా ఇంటి ఎలక్ట్రానిక్ కాంటా నుంచి 9600 బాడ్ (సెకనుకు 9600 బిట్ల) వేగంతో వచ్చే తూకాన్ని చదివి చూపించడం ఒక్క సాయంత్రపు పని అనుకున్నాను. బోర్డు క్లాక్ 12 మెగాహెర్ట్జ్, అంటే సెకనుకు కోటీ ఇరవై లక్షల టిక్కులు కనుక బిట్‌కు సరిగ్గా 1250 క్లాకులు. లెక్క శేషం లేకుండా కుదిరింది. సిమ్యులేషన్‌లో ఒక్క తప్పూ రాలేదు. కాంటాపై బియ్యం బస్తా పెడితే 25.4 అని చూపింది. బస్తా దించాక కూడా 25.4 అనే చూపింది. రీసెట్ నొక్కితే కోలుకునేది, కొన్ని నిమిషాలకో అరగంటకో మళ్ళీ బిగుసుకుపోయేది.

కేబుల్ మార్చాను, ఇన్వర్టర్‌ను అనుమానించాను. ప్రతి అనుమానానికీ కోడ్‌లో ఏదో ఒకటి మార్చి పది సెకన్లలో మళ్ళీ ఎక్కించేవాణ్ణి. కోడ్ మారినప్పుడల్లా చిప్ లోపలి అమరిక కూడా మారుతుంది కనుక, కొన్ని మార్పులతో జబ్బు నయమైనట్టే కనిపించి మర్నాడు తిరగబెట్టేది. అలా మూడు వారాలు పోయాయి.

చివరికి కాగితంపై గీసుకుంటే తెలిసింది. కాంటా తీగను నేరుగా స్టేట్ మెషీన్‌కు, అంటే ఒక స్థితి నుంచి మరో స్థితికి మారుతూ బిట్లను చదివే సర్క్యూట్‌కు కలిపాను. అందులో ఒక్కో స్థితికి ఒక్కో ఫ్లిప్‌ఫ్లాప్, అంటే ఒక బిట్‌ను గుర్తుంచుకునే గడి, ఉంటుంది. ఆ సిగ్నల్‌కు నా క్లాక్‌తో పొత్తు లేదు. అది క్లాక్ అంచున మారిన క్షణంలో ఒక ఫ్లిప్‌ఫ్లాప్ కొత్త విలువను, పక్కది పాత విలువను పట్టుకునేది. ‘ఖాళీ’ స్థితి ఆరిపోయి ‘మొదలు’ స్థితి వెలగక, యంత్రం ఏ స్థితిలోనూ లేకుండా నిలిచిపోయేది. అటువంటప్పుడు కాపాడాలని నేను రాసుకున్న డిఫాల్ట్ శాఖను (ఏ స్థితికీ చెందనప్పుడు ఏం చేయాలో చెప్పే భాగాన్ని), అక్కడికి చేరే దారే లేదని, కోడ్‌ను సర్క్యూట్‌గా మార్చే సింథసిస్ ముందే తీసేసింది. సీ రాసే అలవాటుకు ఇది మింగుడుపడలేదు. సిగ్నల్ ముందు నా క్లాక్‌తో కలిసి నడిచేలా దాని దారిలో వరుసగా రెండు ఫ్లిప్‌ఫ్లాప్‌లు పెట్టాను; మూడు లైన్ల పని.

ఆ అరగంట నిరీక్షణ ఉండి ఉంటే కాగితం ముందే తీసేవాణ్ణేమో. సాయంత్రం రెండు గంటలే చిక్కే నాకు ఈ బోర్డు సరిపోయింది. వీడియో, ప్రాసెసర్ వంటివి కట్టాలనుకునే విద్యార్థికి ఇందులోని 1,280 లట్‌లు (సర్క్యూట్ కట్టే చిన్న లాజిక్ గడులు) త్వరగానే చాలకుండా పోవచ్చు. కాంటా మాత్రం ఏడాదిగా ఒక్కసారీ ఆగలేదు.