ఇంట్లో క్లైంబింగ్ వాల్ కట్టించుకున్నా: ఇనుము పనికి ఫుల్ మార్కులు, చెక్క పనికి పాస్ మార్కులే

మొత్తం చదివే ఓపిక లేనివాళ్ళకు ముందే చెప్పేస్తా. హైదరాబాద్‌లో ఇంట్లో క్లైంబింగ్ ట్రైనింగ్ వాల్ పెట్టుకోవాలంటే పెద్ద స్పోర్ట్స్ కంపెనీ అక్కర్లేదు, గేట్లు, గ్రిల్స్ చేసే మామూలు వెల్డింగ్ షాపు చాలు. కానీ ప్లైవుడ్ కొనడం, హోల్డ్స్ (పట్టుకుని ఎక్కే దిమ్మలు) బిగించే రంధ్రాలకు గుర్తులు పెట్టడం ఈ రెండూ మాత్రం వాళ్ళ మీద వదిలేయొద్దు. నేను నాచారంలో మా ఇంటి దగ్గరున్న ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ షాపుకు ఫ్రేమ్, ప్లై, బిగింపు అన్నీ కలిపి ఒప్పజెప్పా. కింద ఒక ఫిర్యాదు ఉంది కాబట్టి షాపు పేరు రాయడం లేదు.

ఊళ్ళోనే ఎక్కడానికి ఖాజాగూడ గుట్టలుండగా ఇంట్లో ఇదెందుకు అని అడుగుతారని తెలుసు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఆ గ్రానైట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వానాకాలంలో తడి. నేను వెళ్ళే క్లైంబింగ్ జిమ్ గచ్చిబౌలి వైపు, నాచారం నుంచి ఆఫీసు టైంలో అక్కడికి చేరేసరికే ఓపిక అయిపోతుంది. అంతే.

మొదట కొందరు చెప్పినట్టు మూన్‌బోర్డ్ అనే రెడీమేడ్ డిజైన్ ట్రైనింగ్ వాల్ కొలతలతో కట్టిద్దామనుకున్నా. అది నిలువు నుంచి ముందుకు వాలేది 40 డిగ్రీలు, 11 నిలువు వరసలు, 18 అడ్డ వరసలు, అంటే 198 రంధ్రాలు. ప్రపంచంలో ఎక్కడ కట్టినా అదే కొలత కాబట్టి ఎవరో లండన్‌లో ఎక్కిన ప్రాబ్లమే (ఫలానా హోల్డ్స్ మీదుగానే ఎక్కాలనే దారి) మనమూ ఎక్కొచ్చు, దాని గొప్పంతా అదే. కానీ దాని ఎత్తు 3.15 మీటర్లు. మా పైగది స్లాబు పదడుగులే, అంటే 3.05 మీటర్లు. అక్కడితో ఆ ముచ్చట అయిపోయింది. చివరికి 8 x 4 అడుగుల షీట్లు రెండు పక్కపక్కన నిలబెట్టి, 30 డిగ్రీల వాలు, కింద కాళ్ళు ఆనించడానికి అడుగు ఎత్తు నిలువు పలక (కిక్‌బోర్డ్) అని లెక్కేసుకున్నా. ఎనిమిదడుగుల షీటు 30 డిగ్రీలు వాలితే ఎత్తు దాదాపు ఏడడుగులు వస్తుంది, పైఅంచు నాలుగడుగులు ముందుకొస్తుంది. అదే 40 డిగ్రీలైతే ఐదడుగులకు పైనే ముందుకొస్తుంది, ఇక పరుపు వేసుకోవడానికి గదిలో చోటే మిగలదు. మీ గది కొలుచుకునేటప్పుడు ఎత్తు ఒక్కటే చూసి సంబరపడకండి, పడే చోటు కూడా చూసుకోండి.

కాగితం మీద గీసిన బొమ్మ చూసి షాపాయన అడిగిన మొదటి మాట, "సార్, గోడ సీదా ఉంటే ఎక్కుడు ఆల్కగైతది గదా, గిట్ల మీదికి వంచుడెందుకు?" "ఆల్కగ ఉండొద్దనే అన్నా ఇదంతా" అని చెప్పా. నవ్వాడు గానీ ఆ తర్వాత అడిగిన ప్రశ్నలు మాత్రం అసలైనవి. బరువు ఊగుతుందా, ఒకచోటే ఉంటుందా? ఒకేసారి ఇద్దరు ఎక్కుతారా? వెనక గోడ ఇటుకదా, సిమెంటు బ్లాకులదా? గోడ నాలుగంగుళాలదే అని తెలియగానే దానికి ఒక్క బోల్టు కూడా కొట్టనని ఖరాఖండిగా చెప్పాడు. దానికి బదులు ఫ్రేమ్ తన కాళ్ళ మీద తనే నిలబడేలా చేసి, పైన మాత్రం స్లాబు కింది ఆర్‌సీసీ బీముకు యాంకర్ ఫాస్టెనర్లతో పట్టాడు. ఈ ఒక్కదానికే ఆయనకు దండం పెట్టొచ్చు, ఎందుకంటే అంతకుముందు వచ్చి చూసిన ఇంకో కాంట్రాక్టరు అదే గోడకు నేరుగా బిగిస్తే అయిపోతుంది అన్నాడు.

ఫ్రేమ్ అంతా రెండంగుళాల ఎంఎస్ (మైల్డ్ స్టీల్) స్క్వేర్ పైపు, 2 ఎంఎం మందం. ప్రతి షీటుకు రెండు అంచుల్లో, నడుమన నిలువు పైపు, సగం ఎత్తులో అడ్డ పైపు. తూకం నా కళ్ళ ముందే వేశారు, 110 కిలోల దాకా తూగింది, కిలోకు 130 రూపాయలు, ప్రైమరు, పెయింటు అందులోనే. ముక్కలుగా చేసి పైకి మోసుకొచ్చి గదిలో నట్లు, బోల్టులతో కలిపారు కాబట్టి ఇల్లు మారినా విప్పుకుని పోవచ్చు. వెల్డింగ్ అతుకులు నున్నగా గ్రైండ్ చేశారు, ఎక్కడా చెయ్యి గీసుకోదు. ఇక్కడివరకూ వంకపెట్టడానికేం లేదు.

ఇప్పుడు చెక్క సంగతి. 18 ఎంఎం, ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై కావాలని కాగితం మీద రాసిచ్చా, అడ్వాన్సు కూడా ఆ లెక్కనే ఇచ్చా. వచ్చింది మాత్రం ఐఎస్ 303 ఎంఆర్ గ్రేడు, అంటే మనవాళ్ళు కమర్షియల్ ప్లై అనేది. అడిగితే "లోపల గదిలోనే గదా సార్, తడి తాకదు" అన్నారు. తడి గురించైతే నిజమే. కానీ నా గోల తడి గురించి కాదు. చవక ప్లైలో లోపలి పొరల మధ్య ఖాళీలు ఉంటాయి, టీ-నట్ (హోల్డ్ బోల్టు ఎక్కడానికి షీటు వెనక దిగేసే పళ్ళ నట్టు) సరిగ్గా ఆ ఖాళీ మీద పడితే దాని పళ్ళకు పట్టు ఉండదు, హోల్డ్ బిగిస్తుంటే నట్టు అక్కడే గిరగిరా తిరుగుతుంది. వెనకవైపు చెయ్యి పెట్టే సందు లేకపోతే ఇక ఆ రంధ్రం పనికిరానట్టే. షీటు పక్క అంచు చూస్తేనే సందులు కనిపించాయి. వెనక్కి పంపించా, రెండు మాటలు అనుకున్నాం, ప్లై డబ్బు తిరిగిచ్చారు, షీట్లు నేనే టింబర్ డిపోకు వెళ్ళి అంచులు చూసుకుని తెచ్చుకున్నా. గొడవేం కాలేదు, కానీ నేను చూడకపోయుంటే అదే బిగించేసేవాళ్ళు అన్నది మాత్రం ఖాయం.

రంధ్రాలు 20 సెంటీమీటర్లకొకటి, షీటుకు అడ్డంగా 6, నిలువుగా 12, మొత్తం 72. కార్పెంటరు అంచు నుంచి కొలవడం మొదలుపెట్టబోతుంటే ఆపి, ముందు ఫ్రేమ్ పైపులు వెనక ఎక్కడొస్తాయో పెన్సిల్‌తో గీయించా. రంధ్రం పైపు మీద పడిందా, అది వృథా. పక్క అంచుల నుంచి 11, పైన, కింద 12 సెంటీమీటర్లు వదిలితే ఒక్కటీ పైపుకు తగలదు, కావాలంటే ఇదే కొలత వాడుకోండి. డ్రిల్లింగ్ ముందువైపు నుంచి, వెనక ఒక పాత చెక్కముక్క ఆనించి, 12 ఎంఎం బిట్‌తో చేశాం. బిట్ కాస్త వంకరపోయినా బోల్టు వంకరగానే ఎక్కుతుంది, అందుకే ఈ పనిలో తొందరపెట్టకండి. కార్పెంటరు కుర్రాడి చెయ్యి నిలకడైనది, పైన నేను నిలబడి సతాయిస్తున్నా విసుక్కోలేదు.

ఎం10 (10 ఎంఎం బోల్టు పట్టే) టీ-నట్‌ల కోసం రాణిగంజ్ వెళ్ళాలి. ఫర్నిచర్‌కు వాడే ఎం6, ఎం8 ఎక్కడైనా దొరుకుతాయి, ఎం10 అంటే మాత్రం నాలుగు షాపులు తిరగాల్సొచ్చింది. బోల్టులు ఎం10 అలెన్ బోల్టులే, వాటికి 8 ఎంఎం అలెన్ కీ. టీ-నట్‌ను ఊరికే సుత్తితో కొట్టి వదిలేయకుండా, ముందు నుంచి బోల్టు, వాషరు పెట్టి బిగించి లోపలికి లాగితే పళ్ళు గట్టిగా దిగుతాయి.

హోల్డ్స్ ఖర్చు గురించి ఎవరూ ముందుగా చెప్పరు. మొత్తం గోడకయినదానికంటే వాటికే ఎక్కువైంది నాకు. పాలీయురెథేన్ ప్లాస్టిక్‌వి ఆన్‌లైన్‌లో తెప్పించా. సగం మాత్రం సామిల్లులో దొరికిన స్టీమ్ బీచ్ కలప ముక్కలతో ఆ కార్పెంటరు దగ్గరే చేయించా, అంచులు గుండ్రం చేసి సాండ్‌పేపరు పట్టించి, వార్నిష్ లేకుండా. టేకు ముక్కలు పెట్టిస్తానన్నాడు గానీ వద్దన్నా, టేకులో సహజంగానే నూనె ఉంటుంది, అసలే చెమట చేతులు. వేళ్ళ చర్మానికి ఈ చెక్క హోల్డ్సే హాయిగా ఉన్నాయి, రోజూ ప్రాక్టీసు చేసేవాళ్ళకు అదేం చిన్న విషయం కాదు.

పరుపుల్లో మాత్రం పిసినారితనం వద్దు. కింద రీబాండెడ్ ఫోమ్ (ఫోమ్ ముక్కలు అతికించి చేసే గట్టి ఫోమ్), పైన మెత్తటి ఫోమ్ వేయించా. మామూలు మంచం పరుపు ఒక్కటే వేస్తే మడమ నేలకు తగులుతుంది. కింద పోర్షన్‌లో అద్దెకున్న అక్క మొదటి వారం "పైన ఏమన్నా పడ్డదా బాబూ?" అని రెండుసార్లు పైకొచ్చింది, ఇప్పుడు అలవాటైపోయింది పాపం, రాత్రి తొమ్మిది దాటాక మాత్రం నేనే ఎక్కను.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఎడమవైపు బోల్టు దగ్గర కిర్రుమని చప్పుడొస్తే షాపుకు ఫోన్ చేశా, మర్నాడే మనిషిని పంపి లాక్ వాషర్లు వేసి వెళ్ళారు, పైసా అడగలేదు. ఇలాంటిదే చేయించుకునేవాళ్ళకు నా మాట, ఫ్రేమ్‌కు మాత్రమే అడ్వాన్సు ఇవ్వండి, ప్లై బిల్లు మీ పేరు మీదే ఉండాలి, షీటు మీద ఐఎస్ 710 ముద్ర మీ కళ్ళతో చూశాకే డ్రిల్లు పట్టుకోనివ్వండి.